పెరటికోళ్లకు తగిన మేత

పెరటిలో నాలుగు కోళ్లను పెంచుకొను గృహిణికి అవి బిడ్డల కాహారమును, చేతిఖర్చునకు కొంచెము సొమ్మును సమకూర్చును. అయినను, "రోజును నూకలు చల్లుచునే యున్నాము, పెట్టలు గ్రుడ్లు మానినవి, పెట్టిన గ్రుడ్లును పెంకు పలుచనై చితికిపోవుచున్నవి" యని విచారించువారు పెక్కండ్రు. ఇట్టిచోట మొదట పరీక్షింపవలసినది మేత.

ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులును, దాని పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియమును ఉండును. పెట్ట యివి మేతనుండియే సంపాదింపవలెను. నూకలు శరీరమునకు వేడిమి నిచ్చును గాని యీ రెండింటిని చాలినంత యీయజాలవు. హైదరాబాదున రూపొందిన వనరాజ, గ్రామప్రియ జాతులు నాటుకోళ్లకంటె హెచ్చుగా గ్రుడ్లు పెట్టును గనుక వానియందు మేతలోపము త్వరలోనే బయటపడును.

తవుడును చులకన చేయరాదు. జావాద్వీపమందు ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధించుచుండగా, ఆయన కోళ్లకు కాళ్లు పట్టుతప్పెను. వానికి ఆస్పత్రి వంటశాలనుండి తెచ్చిన తెల్లబియ్యపు అన్నము పెట్టుచుండిరి. అది మాని దంపని బియ్యము పెట్టగా కోళ్లు కోలుకొనెను. తవుటిలోని బి1 విటమినే యిందులకు కారణమని తరువాత తేలెను. 1929లో ఐక్మనునకు నోబెల్ బహుమానము లభించెను.

వయస్సునుబట్టి మేత మారవలెను. ఎనిమిది వారములవరకు పిల్లల మేతలో మాంసకృత్తులు నూటికి 20 పాళ్లుండవలెను. పిమ్మట 16 పాళ్లు చాలును. గ్రుడ్లు పెట్టు పెట్టల మేతలో 16 మొదలు 18 పాళ్లవరకు మాంసకృత్తులును, సుమారు మూడున్నర పాళ్ల కాల్షియమును ఉండవలెను. అయితే పెట్టల మేతను పిల్లలకు పెట్టరాదు. అందలి అధిక కాల్షియము వాని మూత్రపిండములను చెరచును.

పెట్టలకు ఇంటనే మేత కలుపుకొనదలచువారు మొక్కజొన్న లేక జొన్న నూక 6 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుసెనగ చెక్క ఒకటిన్నర కిలో, ఉప్పువేయని ఎండుచేపల పొడి అరకిలో చేర్చి బాగుగా కలుపవలెను. ఉప్పుచేప కోళ్లకు హానికరము. పెరటిలో తిరుగాడు కోడి పురుగులను, ఆకుకూరలను ఏరుకొని తినును గనుక దానికి సాయంకాలము 30 మొదలు 50 గ్రాములు పెట్టిన చాలును. గూటనే యుంచిన పెట్టకు దినమునకు 100 మొదలు 120 గ్రాములు కావలెను. మేత తూకమునకు రెండింతలు మంచినీరుండవలెను. వేసవిలో ఇంకను హెచ్చు.

ఆల్చిప్పల నలుగగొట్టి వేరొక మూకుడులో నుంచుడు. పెట్ట తనకు వలసినంత తినును. ఇంటి గ్రుడ్ల పెంకులనైనను వేయించి, పొడిచేసి పెట్టవచ్చును. కోడికి పండ్లు లేవు గనుక గింజలను నలుగజేయుటకు కొంచెము ముతక యిసుకయు అందుబాటులో నుండవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. బూజుపట్టిన వేరుసెనగ చెక్కను, చెమ్మగిలి ముక్కవాసన వేయు గింజలను కోళ్లకు పెట్టవలదు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియక చనిపోయెను. వాని మేతలోని వేరుసెనగ పిండికి పట్టిన బూజు పుట్టించిన విషమే అందులకు కారణమని పరిశోధకులు కనుగొనిరి. ఆ విషమునకే అఫ్లటాక్సిను అని పేరు. అది కాలేయమును పాడుచేయును. ఎండబెట్టినను, ఉడికించినను పూర్తిగా పోదు. మనకు పనికిరానిదానిని కోళ్లకు వేయుట పొదుపని యెంచుదుము. కాని బూజు విషయమున ఆ పొదుపు కోళ్లగూటినే ఖాళీచేయగలదు. కావున వానకాలమున రెండు మూడు వారములకు సరిపడు మేతనే కొని, మూతగల డబ్బాలో, నేలకు తగులకుండ పీటపై నుంచుడు.

మేత మార్చదలచినప్పుడు పాతదానిలో క్రొత్తదానిని కొంచెము కొంచెముగా కలుపుచు వారముదినములలో మార్చవలెను. పిమ్మట కొన్ని వారములు గ్రుడ్డు పెంకును చేతితో పరీక్షించుచుండుడు. అది గట్టిపడినచో మీ పెట్టకు వలసిన సున్నము అందుచున్నదని గ్రహింపవచ్చును.