వైద్యసేవ కార్డు ఉన్నా చేతిలో డబ్బెందుకు? లంబసింగి చెప్పే లెక్క ఇదీ

లంబసింగి: చలికాలం వచ్చిందంటే లంబసింగిలో జనం బారులు తీరతారు. తెల్లవారుజామున మంచు, సెల్ఫీలు, రోడ్డు పక్కన వేడి టీ, స్ట్రాబెర్రీలు.. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఈ ఊరికి, చుట్టుపక్కల గూడేలకు నాలుగు డబ్బులు కనిపించేది ఆ నెలల్లోనే. కాఫీ కోతలు కూడా ఇంచుమించు అప్పుడే.

జ్వరాలు, మలేరియా ముసిరేది మాత్రం వానాకాలంలో. సంపాదన ఒక సీజన్‌లో, ఆస్పత్రి ఖర్చు ఇంకో సీజన్‌లో. జూలైలో ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే చేతిలో పైసా ఉండదు. అప్పుడు వ్యాపారి దగ్గర అప్పు తీసుకుంటే చలికాలంలో కాఫీ, మిరియాలు అతను చెప్పిన రేటుకే ఇవ్వాల్సి వస్తుంది. అంటే రోగం వానాకాలంలో వచ్చినా, దెబ్బ మాత్రం పంట మీద పడుతుంది.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు దీనికోసమే హెల్త్ సేవింగ్స్ అకౌంట్ అని ఒకటుంది. 2004 నుంచి అక్కడ అమల్లో ఉంది. అర్హత ఉన్న ఇన్సూరెన్స్ పాలసీ ఉంటే, పన్ను లేకుండా కొంత సొమ్ము అందులో వేసుకుని వైద్యానికి వాడుకోవచ్చు. 2025లో పరిమితి ఒక్కరికి 4,300 డాలర్లు, కుటుంబానికి 8,550 డాలర్లు. ఆ ఏడాది ఖర్చు పెట్టకపోయినా డబ్బు పోదు, తర్వాతి ఏడాదికి వెళ్తుంది. మన దగ్గర అలాంటి అకౌంట్ లేదు. కానీ అందులోని ఐడియా మాత్రం మన్యానికి బాగా పనికొస్తుంది: వైద్యం డబ్బును వేరుగా పెట్టడం, దాన్ని వేరే పనికి ముట్టకపోవడం.

కార్డు ఉండగా మళ్లీ ఈ పొదుపెందుకు అనే డౌట్ రావచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. 2023 డిసెంబర్‌లో పరిమితిని ఏడాదికి 25 లక్షల రూపాయలకు పెంచారు. పెద్ద ఆపరేషన్ల విషయంలో దీనికి మించిన భరోసా పేద కుటుంబానికి ఇంకొకటి లేదనే చెప్పాలి. జాబితాలో ఉన్న చికిత్సకు నెట్‌వర్క్ ఆస్పత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. పేషెంట్ భోజనం, ఇంటికి తిరిగి వెళ్లే చార్జీలు, డిశ్చార్జ్ తర్వాత పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే. ఇవి అడిగి తీసుకోవాలి. ఆస్పత్రిలో ముందు వెతకాల్సింది ఆరోగ్యమిత్ర డెస్క్‌నే. ఎవరైనా డబ్బు అడిగితే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

కానీ కార్డు పని మొదలయ్యేది ఆస్పత్రి గుమ్మం దాటాక. లంబసింగి నుంచి చూస్తే దగ్గర్లో చింతపల్లి ఆస్పత్రి, ఘాట్ దిగితే నర్సీపట్నం, కేసు పెద్దదైతే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి విశాఖ కేజీహెచ్. ఎమర్జెన్సీలో 108 ఉచితమే. అయితే తోడు వెళ్లిన మనిషి తిండి ఎవరిస్తారు? వాళ్లు పోగొట్టుకున్న కూలి, బయట చేయించిన టెస్టులు, మళ్లీ చూపించుకోవడానికి రమ్మంటే బస్సు చార్జీలు? ఈ చిల్లర ఖర్చులకు భయపడే కొందరు ట్రీట్‌మెంట్ మధ్యలో ఆపేస్తారు.

అందుకే చలికాలంలో వారానికి 150 రూపాయలు పక్కన పెట్టినా నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా, అంటే 17 వారాల్లో 2,550 రూపాయలవుతాయి. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆస్పత్రికి బయల్దేరే రోజున వ్యాపారి గుమ్మం తొక్కకుండా కాపాడుతుంది.

ఎక్కడ దాచాలి? పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే కానీ దీనికి సరిపోదు. అది ఐదేళ్ల స్కీమ్, మూడేళ్లు నిండకుండా మూసేయడం కుదరదు. రాత్రికి రాత్రి జ్వరం వస్తే ఆ డబ్బు చేతికి రాదు. జన్‌ధన్ ఖాతా మేలు, మినిమమ్ బ్యాలెన్స్ గొడవ లేదు. ఖాతా సరిగ్గా నడుపుతుంటే 10,000 రూపాయల దాకా ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం కూడా ఉంది. కానీ అదీ అప్పే, వడ్డీ కట్టాలి.

అన్నిటికంటే ఆడవాళ్ల డ్వాక్రా సంఘమే ఇక్కడ అక్కరకొస్తుంది. బ్యాంకుకు సెలవైనా సంఘం అక్కాచెల్లెళ్లు ఊళ్లోనే ఉంటారు కదా. మామూలు పొదుపుతో కలపకుండా వైద్యం డబ్బుకు పుస్తకంలో వేరే పేజీ పెట్టుకోవాలి. పండగకో, విత్తనాలకో ఆ పేజీ జోలికి వెళ్లకూడదని ముందే తీర్మానం రాసుకుంటే గొడవలు రావు.

డబ్బుతో పాటు కాగితాలూ రెడీగా ఉండాలి. ఇంట్లో అందరి ఆధార్, బియ్యం కార్డు జిరాక్స్‌లు, పాత రిపోర్టులు ఒకే కవర్లో పెట్టి, వాన తడవకుండా చూసుకోవాలి. కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఎక్కాయా లేదా అన్నది వానలు మొదలవ్వకముందే సచివాలయంలో అడిగి చూసుకోవాలి. 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి కూడా అక్కడే అడగండి. 2024 అక్టోబర్‌లో కేంద్రం తెచ్చిన ఈ కార్డుకు ఆదాయ పరిమితి లేదు, ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా కవర్ ఉంటుంది.