ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైలు సేవ్ కాదు: ఎందుకని?



సొంత కంప్యూటర్ లేని మనబోటి వాళ్లకు ల్యాబ్‌లోని కామన్ ఫోల్డరే ట్రంకు పెట్టె. ప్రాజెక్టు రికార్డు, సెమినార్ పేపరు, బయోడేటా అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఫైలు చదవడానికీ వస్తుంది. తీరా రెండు గంటలు టైపు చేసి సేవ్ నొక్కితే 'యాక్సెస్ డినైడ్' అంటుంది. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన మనకు ఆ మాట చూడగానే మనమేదో తప్పు చేశామనిపిస్తుంది. ఎవరినీ అడగకుండా లేచి వచ్చేస్తాం. నిజానికి అది మనల్ని మందలించడం కాదు. ఏదో ఒక నియమం అడ్డుపడిందని చెప్పడం మాత్రమే. ఆ నియమం ఏదో వెతికి పట్టుకోవడం మన చేతిలోని పనే. విండోస్ కంప్యూటర్లలో అది ఎలాగో జూనియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడేలా రాస్తున్నాము.

ముందు టైపు చేసింది కాపాడుకోవాలి. ఆ విండో మూయకుండా 'సేవ్ యాజ్' నొక్కి డెస్క్‌టాప్ మీదో, పెన్‌డ్రైవ్‌లోనో దాచుకోండి. తర్వాత అదే ఫైలును కొత్త పేరుతో కామన్ ఫోల్డర్‌లో సేవ్ చేసి చూడండి. సేవ్ అయిందంటే ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టే అనుమతి మనకు ఉన్నట్టే. చిక్కు ఆ పాత ఫైలుతోనే.

రెండు తాళాలు

హాస్టల్‌కు గేటు ఉంటుంది, గదికి తాళం ఉంటుంది. గేటు తీసి ఉన్నంత మాత్రాన గదిలోకి వెళ్లలేం కదా! కామన్ ఫోల్డర్ కూడా అంతే. నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవారికి 'షేర్ పర్మిషన్' గేటు లాంటిది. డిస్కు మీద ఫోల్డర్‌కు ఉండే 'ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్' గది తాళం లాంటిది. రెండింటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. గది దగ్గర 'ఫుల్ కంట్రోల్' ఇచ్చినా, గేటు దగ్గర 'రీడ్' మాత్రమే ఉంటే చదవగలం గానీ రాయలేం.

ఏ తాళం అడ్డుపడిందో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఫోల్డర్ ఉన్న అసలు కంప్యూటర్ దగ్గరే మన యూజర్ నేమ్‌తో లాగిన్ అయి, డిస్కులోంచి నేరుగా ఆ ఫోల్డర్ తెరిచి సేవ్ చేయాలి. అక్కడ సేవ్ అయి, నెట్‌వర్క్ మీద కాకపోతే లోపం గేటు దగ్గర ఉన్నట్టు. అక్కడా కాకపోతే గది తాళం చూడాలి.

నోట్‌ప్యాడ్‌లో అవుతుంది, వర్డ్‌లో కాదు!

ఇది చాలామందిని తికమక పెడుతుంది. నోట్‌ప్యాడ్ ఉన్న ఫైలులోనే నేరుగా రాస్తుంది. వర్డ్ అలా కాదు. ముందు ఒక తాత్కాలిక ఫైలు తయారుచేసి, పాతదాన్ని తొలగించి, కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. అందుకని వర్డ్‌కు రాసే అనుమతితో పాటు తొలగించే అనుమతి కూడా కావాలి. 'రైట్' అనుమతిలో అది లేదు, 'మోడిఫై'లో ఉంది. ఫోల్డర్‌లో వింత పేర్లతో 'టీఎంపీ' ఫైళ్లు పేరుకుపోతుంటే ఈ కారణాన్ని అనుమానించవచ్చు.

మరికొన్ని కారణాలు

1. అదే ఫైలు మరో కంప్యూటర్‌లో తెరిచి ఉండవచ్చు. అప్పుడు ఇది అనుమతి సమస్యే కాదు, అవతలివారు మూస్తే సరిపోతుంది.

2. ఒకే డిస్కులో ఒక ఫోల్డర్ నుంచి మరోదానికి 'మూవ్' చేసిన ఫైలు పాత అనుమతులనే వెంట తెచ్చుకోవచ్చు. గది మారినా ట్రంకు పెట్టెకు పాత తాళమే ఉన్నట్టు! 'కాపీ' చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు వస్తాయి.

3. మనల్ని కొత్తగా ఒక గ్రూపులో చేర్చితే, లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా అది అమలుకు రాదు.

4. డిస్కు నిండిపోయినా, ఫోల్డర్లూ ఫైలు పేరూ కలిపి దాదాపు 260 అక్షరాలు దాటినా సేవ్ ఆగిపోవచ్చు.

ఈ మందు వాడవద్దు

విసుగెత్తి 'ఎవ్రీవన్'కు 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేస్తే పని జరుగుతుంది, నిజమే. కానీ ఒకరి రికార్డును మరొకరు పొరపాటున చెరిపేసే వీలూ ఏర్పడుతుంది. ఏ ఒక్క కంప్యూటర్‌కు వైరస్ సోకినా, అది కామన్ ఫోల్డర్‌లో అందరి ఫైళ్లనూ పాడు చేయగలదు. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన 'వన్నాక్రై' వైరస్ వ్యాపించింది పాతకాలపు విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అందుకే ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి. ఒక గ్రూపు పెట్టి, దానికి 'మోడిఫై' ఇస్తే మన పనులకు చాలు. రికార్డు కాపీ ఒకటి వేరేచోట కూడా ఉంచుకోవాలి.

అనుమతి మార్చే అధికారం మనకు ఉండకపోవచ్చు. అడిగే అధికారం మాత్రం ఉంది. "సార్, రావడం లేదు" అని ఊరుకోకుండా నాలుగు విషయాలు కాగితం మీద రాసి ఇవ్వండి: మన యూజర్ నేమ్, ఫోల్డర్ పూర్తి చిరునామా, తెర మీద వచ్చిన మాట ఉన్నది ఉన్నట్టుగా, వచ్చిన సమయం. కొత్త పేరుతో సేవ్ అయిందో లేదో కూడా చేర్చితే మరీ మంచిది. అలా రాసిచ్చిన కాగితాన్ని ఏ ల్యాబ్ ఇన్‌చార్జీ అయినా తేలిగ్గా పక్కన పెట్టలేరు.