కారుకు సొట్ట పడితే – సొంత డబ్బా, ఇన్సూరెన్సా?

ఒకప్పుడు మన పల్లెటూరి చర్చి ఆవరణలో ఆదివారం నాడు ఎడ్లబండ్లు కనిపించేవి. తరువాత సైకిళ్ళు, ఆ తరువాత మోటారు సైకిళ్ళు వచ్చాయి. ఇప్పుడు వేపచెట్టు క్రింద రెండు మూడు కార్లు నిలబడి ఉండడం వింత కాదు. కారు ఇంటికి వచ్చిన రోజున పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించుకుంటాము, బంధువులకు భోజనం పెడతాము. గాని కారుతో పాటు వచ్చిన ఇన్సూరెన్సు కాగితాన్ని చదివే ఇల్లు మాత్రం అరుదు. అది బీరువాలో పొలం పాసు పుస్తకాల క్రిందికి చేరుతుంది. తీరా ఒకనాడు వెనక్కి తీస్తుండగా బంపరు గేటు స్తంభానికి తగులుతుంది, లేదా సంత రోజున రద్దీలో ఎవరి ఆటోనో రాసుకుని పోతుంది. అప్పుడే ఆ కాగితం బయటికి వస్తుంది.

“ఏటేటా వేలకు వేలు కడుతున్నాము. ఇప్పుడు కూడా తీసుకోకపోతే ఆ ఇన్సూరెన్సు ఎందుకు?” అని ఇంట్లో ఒకరంటారు. షెడ్డులో మెకానిక్ కూడా ఆ మాటే అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. గాని ప్రియ పాఠకులారా, కాగితం, కలం తీసుకుని కూర్చుంటే లెక్క వేరుగా తేలుతుంది.

ముందుగా ఒక సంగతి. మనం “ఫుల్ ఇన్సూరెన్సు” అని పిలిచే దానిలో రెండు భాగాలున్నాయి. మొదటిది థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఇతరులకు కలిగే ప్రాణ నష్టానికి, గాయాలకు, ఆస్తి నష్టానికి ఇది వర్తిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డు ఎక్కకూడదు. రెండవది ఓన్ డ్యామేజ్, అనగా మన కారుకే కలిగే నష్టం. ఇది చట్టం బలవంతం చేసేది కాదు, మన ఇష్టం. గేటు స్తంభానికి తగిలిన సొట్టకు డబ్బు ఈ రెండవ భాగం నుండే రావాలి.

ఈ రెండవ భాగంలోనే నో క్లెయిమ్ బోనస్ అనేది ఉన్నది. ఒక సంవత్సరమంతా క్లెయిమ్ వేయకపోతే మరుసటి ఏడు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. రెండేళ్ళు వేయకపోతే 25 శాతం, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50 శాతం. అంతకు మించి పెరగదు. ఒక్క క్లెయిమ్ వేస్తే మాత్రం, అది రెండు వేలకైనా రెండు లక్షలకైనా, మరుసటి ఏడు బోనస్ సున్నాకు పడిపోతుంది. మళ్ళీ మొదటి మెట్టు నుండి ఎక్కవలసిందే.

లెక్క వేసి చూద్దాము

నాలుగవ సంవత్సరం నడుస్తున్న ఒక చిన్న కారు అనుకుందాము. మూడేళ్ళుగా క్లెయిమ్ లేదు గనుక 35 శాతం బోనస్ ఉన్నది. బోనస్ తీసివేయక ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000 రూపాయలు అనుకుందాము. ఇవి లెక్క కోసం వేసిన అంకెలు. మీ పాలసీలో ఉన్న అంకెలను మీరు వేసుకోవాలి.

ముందు బంపరు పగిలింది, ప్రక్క రేకు గీరుకుపోయింది. షెడ్డులో చెప్పిన ఖర్చు: కొత్త బంపరు 3,000, పెయింటింగు 4,000, కూలి 1,000, మొత్తం 8,000 రూపాయలు. కంపెనీ ఈ ఎనిమిది వేలూ ఇస్తుందా? ఇవ్వదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగు తీస్తారు గనుక బంపరులో 1,500 పోయింది. పెయింటింగు బిల్లులో నాలుగవ వంతును రంగు ఖరీదుగా లెక్కించి అందులో సగం కోస్తారు, అది 500. 1500 సి.సి. వరకు ఉన్న కారుకు ప్రతి క్లెయిములోను మొదటి 1,000 రూపాయలు మనమే భరించాలి. అంతకంటె పెద్ద ఇంజనైతే 2,000. ఇవన్నీ పోగా చేతికి వచ్చేది 5,000.

ఇక పోయేది చూడండి. క్లెయిమ్ వేయకపోతే వచ్చే ఏడు 45 శాతం, ఆ తరువాత ఏటా 50 శాతం తగ్గింపు. వేస్తే వరుసగా సున్నా, 20, 25, 35, 45. ప్రీమియం 6,000 దగ్గరే ఉన్నదనుకుంటే మొదటి ఏడు 2,700, రెండవ ఏడు 1,800, తరువాత 1,500, 900, 300. మొత్తం 7,200 రూపాయలు. కారు విలువ ఏటేటా తగ్గుతుంది గనుక ప్రీమియం కూడా కొంత తగ్గి ఈ మొత్తం కాస్త చిన్నదవుతుంది. అయినా అయిదు వేల కోసం ఇంచుమించు ఏడు వేలు వదులుకున్నట్టే. వాయిదాల మీద పోతుంది కాబట్టి నొప్పి తెలియదు, అంతే.

అలాగని ప్రతిసారీ సొంత డబ్బే మేలని కాదు. ఇదే దెబ్బ బోనస్ ఏమీ లేని మొదటి ఏడు తగిలితే, అదే ప్రీమియం లెక్కన ముందు ముందు పోయేది 3,000 మాత్రమే. అప్పుడు క్లెయిమ్ వేయడమే లాభం. రేడియేటరు, హెడ్ లైట్లు, బానెట్ అన్నీ పోయి ఖర్చు నలభై వేలు దాటితే ఇక ఆలోచించవలసిన పని లేదు. దాని కొరకే గదా ఇన్సూరెన్సు కట్టింది. అద్దం పగిలితే దానికి తరుగు తీయరన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొందరు అదనంగా డబ్బు కట్టి తరుగు లేని పాలసీ, బోనస్ కాపాడే పాలసీ తీసుకుంటారు. అటువంటి వారి లెక్క వేరు. గాని వాటిలోనూ ఏడాదికి ఇన్ని క్లెయిములే అన్న హద్దులు ఉంటాయి, చదివి చూసుకోవాలి.

ఎదుటివాని బండి

ఇంతవరకు మన సొట్ట గురించే మాట్లాడుకున్నాము. నిజానికి పల్లెల్లో తగవు వచ్చేది ఎదుటివాని సొట్ట దగ్గర.

మన కారు తగిలి ఒక ఆటో ప్రక్క రేకు లోపలికి పోయిందనుకుందాము. తప్పు మనదే. ఆటో నడిపే అతనికి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే తన బండి బాగుకు తన కంపెనీ నుండి ఒక్క రూపాయి రాదు. మన పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి సాధారణంగా ఏడున్నర లక్షల వరకు రక్షణ ఉంటుంది, నిజమే. గాని ఆ డబ్బు అతనికి అందాలంటే అతడు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్ళి కేసు వేయాలి. నాలుగు వేల సొట్టకు వకీలును పెట్టుకుని, వాయిదాల చుట్టూ తిరిగే ఆటో డ్రైవరు ఎక్కడున్నాడు? “నాకు ఇన్సూరెన్సు ఉంది, పోయి తీసుకో” అని కారాయన అనడం చాలాసార్లు అతనికి ఏమీ ఇవ్వకపోవడమే.

అందువల్ల ఇలాంటి చోట చేతి డబ్బు ఇవ్వడమే సరియైన దారి అని నా అభిప్రాయం. అయితే రోడ్డు మీద అరచుకుని, అయిదు వందలు చేతిలో పెట్టి వెళ్ళిపోవడం కాదు. ఇద్దరూ కలిసి షెడ్డుకు వెళ్ళి ఖర్చు ఎంతో చెప్పించుకోవాలి. బండి షెడ్డులో ఉన్న రెండు రోజులు అతనికి సంపాదన ఉండదు, దాన్ని కూడా కలపాలి. నిర్గమకాండము 21, 22 అధ్యాయాలు చదివిన వారికి ఇది క్రొత్త కాదు. గొయ్యి తీసి కప్పకుండా వదిలినవాడు అందులో పడిన ఎద్దుకు వెల చెల్లించాలి. తన పశువును ఇతరుని చేనిలో మేయనిచ్చినవాడు తన చేనిలోని మంచి పంటలో నుండే తిరిగి ఇవ్వాలి. నష్టపోయినవాడు తిరగవలసిన అవసరం లేకుండా నష్టం చేసినవాడే చెల్లించే ఏర్పాటు అది.

ఇచ్చిన తరువాత ఒక కాగితం వ్రాసుకోవాలి. తేదీ, స్థలం, రెండు బండ్ల నంబర్లు, ఏ భాగం దెబ్బతిన్నది, ఎంత ఇచ్చారు, ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. ఫోనులో ఫోటోలు తీసి ఉంచుకోవాలి. పాలసీలో ఒక షరతు ఉన్నది: కంపెనీ వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఎదుటివారికి తప్పు ఒప్పుకోవడం, ఇస్తానని మాట ఇవ్వడం, డబ్బు చెల్లించడం చేయకూడదు. అనగా మీరు సొంతంగా ఇచ్చిన సొమ్మును తరువాత కంపెనీ దగ్గర రాబట్టుకోగలమని ఆశ పెట్టుకోవద్దు. ఇస్తే మీ డబ్బుగానే ఇవ్వండి.

మనిషికి తగిలితే

ఇక్కడ మాత్రం సొంత రాజీ పనికిరాదు. దెబ్బ చిన్నదిగా కనిపించినా సరే.

మన ఊళ్ళలో జరిగేది అందరికీ తెలుసు. సైకిలు మీద వెళ్ళే ముసలాయనకు కారు తగులుతుంది. మోకాలు గీరుకుపోతుంది, లేచి నిలబడతాడు. పెద్దలు నలుగురు కూర్చుని రెండు వేలు ఇప్పించి, ఇకమీదట ఏ అభ్యంతరం లేదని వేలిముద్ర వేయిస్తారు. మూడవ రోజు ఆయనకు తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. తలలోపల రక్తం మెల్లగా గూడుకట్టడం ముసలివారిలో జరిగేదే. రోజులు, ఒక్కొక్కసారి వారాలు గడిచాక బయటపడుతుంది. అప్పుడు ఆ రెండు వేల కాగితం ఎవరినీ కాపాడదు. ఆసుపత్రి ఖర్చుకు ఆ ఇల్లు పొలం అమ్ముకోవాలి. కంపెనీకి చెప్పకుండా దాచినందుకు కారు యజమాని కూడా చిక్కులో పడతాడు.

చట్టంలోని 134వ సెక్షన్ డ్రైవరు విధిని స్పష్టంగా చెప్పింది. గాయపడిన వారిని దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. పోలీసులకు వివరాలు ఇవ్వాలి. అక్కడ పోలీసు లేకపోతే 24 గంటలలోపు దగ్గరి స్టేషనులో చెప్పాలి. ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాసి తెలియజేయాలి. జనం కొట్టడానికి వచ్చే పరిస్థితి ఉంటుందని కూడా చట్టానికి తెలుసు. అలాంటప్పుడు అక్కడ నిలబడి ఆసుపత్రికి చేర్చలేకపోతే మినహాయింపు ఇచ్చింది. అయినా నేరుగా స్టేషనుకు వెళ్ళి చెప్పడానికి ఎవరూ అడ్డు రారు.

బోనస్ పోతుందని ఇక్కడ భయపడనక్కరలేదు. అది ఓన్ డ్యామేజ్ భాగానికి సంబంధించినది గనుక, గాయపడిన మనిషికి థర్డ్ పార్టీ క్రింద పరిహారం వచ్చినందుకు తగ్గదు. త్వరగా రాజీ కావాలంటే లోక్ అదాలత్ ఉన్నది. కంపెనీ వారి ఎదుటనే అక్కడ కుదిరిన ఒప్పందానికి 1987 చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. పెద్దమనుషుల కాగితానికి ఆ బలం లేదు.

చిన్న అబద్ధాలు

“ఎలాగూ క్లెయిమ్ వేస్తున్నారు గదా, వెనుక ఉన్న పాత సొట్ట కూడా ఇందులో కలిపేద్దాం” అని షెడ్డులో సలహా వస్తుంది. లైసెన్సు లేని అబ్బాయి నడిపితే తండ్రి పేరు వ్రాయమంటారు. పాలసీ గడువు దాటిన తరువాత దెబ్బ తగిలితే తేదీ మార్చమంటారు. సర్వేయరు తుప్పును చూస్తాడు, సొట్ట ఎత్తును చూస్తాడు, ఎదుటి వస్తువు రంగు అంటిందా అని చూస్తాడు. అతని కన్ను కప్పినా అది మోసమే. పట్టుబడితే నిజమైన నష్టానికి రావలసినది కూడా పోతుంది. కంపెనీ మార్చేటప్పుడు క్లెయిమ్ వేసి కూడా వేయలేదని వ్రాసి బోనస్ తీసుకునే వారున్నారు. ఆ మాట తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ భాగం క్రింద రావలసినదంతా రద్దవుతుంది.

తెలియక చేసేది ఇంకొకటి ఉన్నది. సొంత కారును పెళ్ళిళ్ళకు, మెదక్ చర్చి చూడబోయే వారికి కిరాయికి ఇస్తాము. ప్రైవేటు కారు పాలసీ కిరాయి ప్రయాణాలకు వర్తించదు. ఆ ప్రయాణంలో దెబ్బ తగిలితే, చిన్నదైనా పెద్దదైనా, క్లెయిమ్ నిలవడం కష్టం.

సెకండ్ హ్యాండు కారు కొన్నవారు పాలసీని 14 రోజులలోపు తమ పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు చేసుకోవాలి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే వస్తుంది గాని, సొంత నష్టం క్లెయిము పాత యజమాని పేరు మీద నిలవదు. అమ్మినవాని బోనస్ కూడా కొన్నవానికి రాదు. అది మనిషిదే గాని బండిది కాదు. అమ్మినవాడు కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొనే మరో కారుకు దానిని వాడుకోవచ్చు.

కొత్త కారు కొన్నవారికి మరో మాట. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు మూడేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి ఇస్తున్నారు. దానిని చూసి మూడేళ్ళ వరకు ఏ దిగులూ లేదనుకుంటారు. ఓన్ డ్యామేజ్ భాగం ఒక్క సంవత్సరానికే తీసుకుని ఉంటే ఏటేటా కట్టాలి. గడువు దాటి 90 రోజులు మించితే కూడబెట్టిన బోనస్ అంతా పోతుంది.

న్యాయమైన క్లెయిమును కంపెనీ త్రోసిపుచ్చితే ముందు ఆ కంపెనీకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వ్రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ అదే కార్యాలయం. కంపెనీ తిరస్కరించిన నాటి నుండి ఒక సంవత్సరంలోపు వ్రాయాలి. వకీలు అవసరం లేదు, రుసుము లేదు. పాలసీ నకలు, కంపెనీతో జరిగిన ఉత్తరాల నకళ్ళు జతచేస్తే చాలు.