ఆరు కిలోమీటర్లు, మూడు కాలాలు

"ఫ్రీ బస్సు వచ్చింది కదా మేడమ్, ఇంకా ఆ సైకిలెందుకు?"

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైన దగ్గర్నుంచీ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! నాకూ ఎక్కాలనే ఉంటుంది. కానీ మా ఊరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నా ఆఫీసు వేళలకు ఆ రెండూ కుదరవు.

మాది మానేటి వైపు పల్లె. సుల్తానాబాద్‌లో నేను పనిచేసే ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు. 2016 నుంచి మాది పెద్దపల్లి జిల్లా అయింది గానీ, 1997లో నేను గుమస్తాగా చేరినప్పుడు కరీంనగర్ జిల్లానే. మావారు తన పాత సైకిలు అమ్మి, మధ్యలో అడ్డు కడ్డీ లేని లేడీస్ సైకిలు కొనిచ్చారు. అత్తమ్మ మాత్రం నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "కోడలు సైకిల్ తొక్కుకుంట పోతె నలుగురు ఏమంటరు?" అని. నలుగురూ అననే అన్నారు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారని చెప్పి చూశాను. "వాళ్ల ముచ్చట మనకెందుకు?" అంది. తర్వాత్తర్వాత ఆమె షుగర్ మందులు తెచ్చింది ఈ సైకిలే. నేను ఆలస్యమైతే వాకిట్లో నిలబడి బెల్లు చప్పుడు కోసం చూసింది ఆమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందే చెబుతున్నా: చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ లేకుండా చీరతో ఎక్కకండి. నా మంచి చీరలు రెండు అలాగే పోయాయి.

మా రామగుండం వైపు ఎండల సంగతి మీరు వినే ఉంటారు. మే నెలలో 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. ఎనిమిదింటికే బయల్దేరతా, ఆరు దాటాకే తిరుగుముఖం. గట్క, మజ్జిగ కడుపులో ఉండాలి. సైకిలు ఎండలో పెడితే ట్యూబు పేలడం ఖాయం, చెట్టు నీడన పెట్టాల్సిందే.

వానాకాలంలో చక్రం అంచు తడిసి బ్రేకు పట్టదు, ముందునుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. ఆఫీసు బీరువాలో ఒక పొడి చీర ఎప్పుడూ ఉంటుంది. ఇవన్నీ సులువే. వాగుతోనే వచ్చింది చిక్కు. ఒక శ్రావణంలో మోకాలి లోతే కదా అని సైకిలు నెట్టుకుంటూ దిగాను. నడిమధ్యకు వచ్చేసరికి ముందు చక్రం పక్కకు కొట్టుకుపోయింది. నేనేమో హ్యాండిలు వదలను! ఒడ్డు మీద బర్లు కాసే పిల్లగాడు "ఇడిసిపెట్టు చిన్నమ్మా, సైకిల్ ఇడిసిపెట్టు!" అని అరిచాడు. వదిలేశా. మర్నాడు అది తుమ్మచెట్టుకు చిక్కుకుని దొరికింది. సెలవు చీటీ ఇస్తే, "బస్సులో రావచ్చుగా" అన్నారు పై అధికారి. ఆ రోజు బస్సూ రాలేదంటే నమ్మలేదాయన. అప్పటినుంచీ పారే నీళ్లు చీలమండ దాటితే చాలు, వెనక్కి తిరుగుతా. సెలవు పోతే పోయింది.

వానకన్నా నాకు భయం కోతల కాలం. సుల్తానాబాద్ చుట్టూ రైసుమిల్లులే. పొట్టు బూడిద కళ్లలో పడుతుంది, దానికి కళ్లద్దాలున్నాయి. కానీ రోడ్డుకు సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, పొద్దుగూకగానే నల్ల పట్టా కప్పుతారు. చలికాలం ఆరింటికే చీకటి. రాయి కనపడదు, వెనక లారీ ఆగదు. అలా వడ్ల మీద జారే ఒకసారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నా. రైతులను తిడదామంటే నోరు రాలేదు. ఆ ఏడు మా వడ్లూ ఆ రోడ్డు మీదే ఉన్నాయి మరి, మాకూ కల్లం లేదు. ఇప్పుడు హ్యాండిలుకు టార్చిలైటు కట్టుకుంటున్నా, మడ్‌గార్డుకు ఎర్ర రేకు బిగించుకున్నా.

మా అబ్బాయి స్కూటీ కొనిస్తానంటున్నాడు. మోకాళ్లు సరేనంటున్నాయి, నేనే ఇంకా అనలేదు. మొన్ననే వెనక టైరు కొత్తది వేయించాను.