ఇల్లు విడిచిన జంతువులు: బాలుర సాహసగాథలు

నీతిచంద్రికలోని మిత్రలాభకథ గోదావరి యొడ్డున నున్న యొక బూరుగుచెట్టు చెంత ఆరంభమగును. వేటకాడు నూకలు చల్లి వల పన్నుటయు, రాజైన చిత్రగ్రీవుడు వారించినను వినక పావురములు నూకలకై వ్రాలుటయు, చిక్కుకొనిన పిదప అన్నియు ఒక్కుమ్మడిగా నెగసి వలతోడనే ఆకాశమున పోవుటయు మన బడులలో చదువుకొన్నవారికి చిరపరిచితములే. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించినది మొదలు పంతుళ్లు ఈ కథను ఐకమత్యమునకు ఉదాహరణముగా చెప్పుచు వచ్చిరి. అది సరియే. కాని వినుచున్న ఎనిమిదేండ్ల పిల్లవాని మనస్సు ఐకమత్యముమీద నుండదు. వాడు వలను మోసికొని పోవు ఆ పక్షులను చూచుచుండును. అవి ఎక్కడ దిగును? తిరిగి ఇల్లు చేరునా?

జంతువులు ఇల్లు విడిచి దేశముమీద పోవు కథలన్నిటికిని పిల్లలు వేయు ప్రశ్న ఇదియే. ఎవరు గెలిచిరి, ఎవరికి బుద్ధి వచ్చినది అనునవి పెద్దల ప్రశ్నలు. ఈ జాతి కథలలో మంచివానిని తక్కువవానినుండి వేరుచేయునది, ఆ ఒక్క ప్రశ్నకు రచయిత ఎంత నిజాయితీతో సమాధానము చెప్పెనన్నదే యని నా అభిప్రాయము.

మన ప్రాచీన కథలలో ఏ జంతువును వేడుకకై ఇల్లు విడువదు. మిత్రలాభములోని హిరణ్యకుడను ఎలుకనే చూడుడు. ఒక సన్న్యాసి యుండు తావున కలుగు చేసికొని, చిలుకకొయ్యకు తగిలించిన భిక్షాపాత్రలోని అన్నమును తినుచు సుఖముగా నుండెను. సన్న్యాసి కలుగును త్రవ్వి, కూడబెట్టినదంతయు తీసికొనిపోయెను. దానితో ఎలుకకు ఎగురు శక్తియు పోయెను, తోడివారిలో గౌరవమును పోయెను. అందుచేత అడవి పట్టెను. పిమ్మట కాకితో కలిసి మంథరకుడను తాబేలుండు కొలనికి చేరెను. వేటగానికి వెరచి ఒక లేడి పరుగెత్తుకొని వచ్చి వారితో కలిసెను. ఆ నలుగురిలో తాబేలు తప్ప తక్కినవారందరు ఇల్లు పోగొట్టుకొన్నవారే. వారికి పాత ఇల్లు దొరకలేదు. ఆ కొలనిగట్టే ఇల్లయినది. ఇక హంసలు మోయు కఱ్ఱను నోట కఱచి ఆకాశయాత్ర చేసిన తాబేలు సంగతి చెప్పనక్కరలేదు. చెరువు ఎండునను భయముతో బయలుదేరినదే గాని, పాపము, నోరు తెరచి క్రిందపడి చచ్చెను. బాటసారులు దొంగలకును మృగములకును వెరచుచు నడచిన కాలమున పుట్టిన కథలివి. ప్రయాణము వానిలో విపత్తే గాని వినోదము కాదు.

జర్మనీ దేశపు గ్రిమ్ సోదరులు 1819లో తమ కథాసంపుటపు రెండవ కూర్పున చేర్చిన బ్రేమెన్ సంగీతకారుల కథయు ఈ కోవలోనిదే. మూటలు మోసి మోసి ముసలిదైన గాడిదను యజమానుడు వదిలించుకొనజూచెను. వేటకు పనికిరాని కుక్క, పండ్లు అరిగి ఎలుకలను పట్టలేని పిల్లి, మరునాడు పులుసులోనికి పోనున్న కోడిపుంజు దానికి త్రోవలో తోడైనవి. నాలుగును బ్రేమెన్ పట్టణమునకు పోయి వాద్యగాండ్రై బ్రతుకవలెనని తలచెను. దారిలో దొంగల యింటిని చూచి, ఒకదానిపై నొకటి ఎక్కి ఒక్కసారిగా అరచి, దొంగలను తరిమి, ఆ యింటనే నిలిచిపోయినవి. బ్రేమెన్ చేరనేలేదు! అయినను ఆ పట్టణమువారు 1953లో నగరమందిరము ప్రక్కన వాని కంచుబొమ్మను నిలిపిరి. గెర్హార్డ్ మార్క్స్ అను శిల్పి దానిని చేసెను. తమ యూరికి ఎన్నడును రాని అతిథులకు ఇట్టి గౌరవము చేసిన పౌరులు ఉందురా యని నాకు నవ్వు వచ్చును.

ఇంతకును పిల్లలకు చెప్పు సాహసగాథలో పిల్లవానికి బదులు జంతువును ఏల పంపవలెను? కారణము కనుచూపులోనే కలదు. పిల్లవాడు ఒంటరిగా గడప దాటవలెనన్న, కథకుడు ముందు వాని తల్లిదండ్రులను చంపవలెను, లేక ఓడ నెక్కించి దూరదేశము పంపవలెను. ఎలుకకు ఆ చిక్కు లేదు. లేచినదే ప్రయాణము. వినువాడు దాని చర్మములో దూరి అడవులు దాటును, తన చాపమీదనుండి కదలకయే. మరియొక సంగతి. ఈ కథలలో తిరుగబోవునవి పావురము, ఎలుక, పందికొక్కువంటి చిన్న ప్రాణులే గాని సింహములు కావు. సింహమునకు త్రోవలో ఎవరు అడ్డము వత్తురు? భయపడువానికే సాహసము.

వేడుకకై ఇల్లు విడిచిన జంతువు ఆంగ్ల బాలసాహిత్యములో 1908లో చక్కగా కనబడినది. కెన్నెత్ గ్రహామ్ అను నాతడు ఇంగ్లండు బ్యాంకునకు కార్యదర్శిగా పదేండ్లు పనిచేసి, ఆ యేటనే ఉద్యోగము విడిచెను. కుమారునికి నోటితో చెప్పియు, జాబులలో వ్రాసియు పెంచిన కథలే 'ది విండ్ ఇన్ ది విల్లోస్' అను గ్రంథమైనవి. అందు మోల్ అను ప్రాణి యొకటి కలదు. నేల త్రవ్వి బొరియలో నివసించు చిన్న జంతువది. మన ప్రాంతమున లేదు. వసంతకాలమున అది తన యింటికి సున్నము వేయుచు వేయుచు విసిగి, కుంచె నేలగొట్టి, మట్టి త్రోసికొని పైకి వచ్చెను. ఆకలి లేదు, శత్రువు లేడు. పైన గాలి వీచుచున్నది, అంతే. నది కనబడెను, నీటియెలుక స్నేహమయ్యెను, ఇల్లు మరపునకు వచ్చెను.

ఆ పుస్తకములో మోటారుకార్ల పిచ్చిగల కప్పదొర చేష్టలకు పిల్లలు విరగబడి నవ్వుదురు. నాకు మాత్రము ఆ కప్ప కలవారింట పుట్టి చెడిపోయిన బిడ్డవలె తోచునే గాని దేశముమీద పోయిన జంతువువలె తోచదు. గ్రంథమునకు ప్రాణము వేరొక చోట నున్నది. చలికాలపు సందెవేళ మోల్, నీటియెలుక దూరపు నడకనుండి తిరిగి వచ్చుచుండగా, చీకటిలో మోల్ ముక్కునకు ఒక వాసన తగులును. అది తాను విడిచిన పాత యింటి వాసన. ముందు నడచుచున్న స్నేహితుడు త్వరపెట్టగా అది తన కోరికను అణచుకొని కొంతదూరము వెంట నడచి, ఇక తాళలేక కూలబడి ఏడ్చును. అప్పుడు స్నేహితుడు వెనుకకు మరలి ఆ యింటిని వెదకించును. దుమ్ము పట్టిన ఆ చిన్న యింట ఆ రాత్రి భోజనము చేసి నిదురింతురు. మోల్ అచ్చటనే ఉండిపోవునా? పోదు, వెలుగుగల పైలోకమునకు మరల పోవలెనని దానికి తెలియును. కాని తిరిగి వచ్చుటకు ఒక చోటున్నదని తెలిసికొని పోవును. మనుష్యులవలె మాటలాడుచున్నను అది తన యింటిని మనుష్యునివలె గురుతుపట్టలేదు, మృగమువలె వాసనచే గురుతుపట్టినది. ఆ ఘట్టము నమ్మదగినదగుటకు కారణము ఇదియే.

ఇప్పుడు మరల చిత్రగ్రీవుని కడకు వత్తము. అదే పేరుగల పావురమొకటి 1927లో అమెరికాలో ఒక పుస్తకమునకు నాయకుడయ్యెను. దానిని వ్రాసినది ధనగోపాల్ ముఖర్జీ. కలకత్తా సమీపమున 1890లో జన్మించి, యౌవనారంభముననే జపానునకును, అటనుండి 1910లో అమెరికాకును పోయి, చదువుకొని, ఆంగ్లమున గ్రంథములు వ్రాసి, 1936లో న్యూయార్కులో కన్నుమూసెను. 'గే-నెక్' అను ఈ గ్రంథమునకు 1928లో న్యూబెరీ పతకము లభించెను. అమెరికా గ్రంథాలయ సంఘమువారు ఉత్తమ బాలసాహిత్యమునకు ఏటేట నొసగు ఆ పతకమును పొందిన భారతదేశజన్ములలో ఆతడే ప్రథముడు. ఇంత జరిగియు మన యిండ్లలో ఆ పుస్తకపు పేరు వినబడుట అరుదు. ఇది విచారింపదగిన విషయము.

కథ కలకత్తాలోని ఒక మేడకప్పుమీద ఆరంభమగును. ఎగురుటకు జంకుచున్న పిల్లను తండ్రిపావురము గదిమి గదిమి గోడ అంచునకు తరుమగా, అది కాలుజారి, ప్రాణభయముచే రెక్కలు విప్పును. కొంత కథను పావురమును పెంచు బాలుడు చెప్పును, కొంత పావురమే చెప్పును. వేసవిలో బాలుని కుటుంబము హిమాలయములలోని దెంతాం అను ఊరికి పోగా అదియు వెంట పోవును. అచ్చట డేగలున్నవి. డేగ దెబ్బకు పావురపు దేహముకంటె మనస్సు ఎక్కువ గాయపడును. కొండలలోని బౌద్ధమఠమున లామాలు దాని భయమును పోగొట్టుదురు.

తరువాత మొదటి ప్రపంచయుద్ధము వచ్చును. ఘోండ్ అను వృద్ధ వేటగాడు ఆ పావురమును భారత సైన్యముతో ఫ్రాన్సునకు తీసికొనిపోవును. తుపాకిగుండ్ల నడుమ అది వార్తలు మోయును. చివరకు ఇల్లు చేరును. కాని ఎట్లు చేరును? రెక్క మానినను ఎగురలేదు, ఎగురుటకు భయము. దానితో పోయిన వేటగాడును అదే రోగముతో తిరిగి వచ్చును. పక్షిని, మనిషిని ఇద్దరిని మరల ఆ మఠమునకే చేర్చి స్వస్థులను చేయవలసివచ్చెను. ఇల్లు చేరుట వేరు, చేరినవాడు పూర్వపువాడై యుండుట వేరు అని పిల్లల పుస్తకములో ఇంత సూటిగా చెప్పినవారు తక్కువ. పందొమ్మిదేండ్ల ప్రాయమునకే ఊరు విడిచినవాడు వ్రాసినాడని గుర్తుంచుకొన్నచో ఆ పుటలు మరికొంత బరువెక్కును.

ఈ కథ ఊహామాత్రము కాదు. వార్తలు మోయు పావురము మనము పొమ్మన్న చోటికి పోవునని కొందరు అనుకొందురు. అట్లు కాదు. దానికి తెలిసిన త్రోవ ఒక్కటే, ఇంటిత్రోవ. బుట్టలోనుంచి దూరము తీసికొనిపోయి కాలికి చీటీ కట్టి విడిచినచో, సూర్యుని స్థానమును, భూమియొక్క అయస్కాంతశక్తిని, గాలిలో వచ్చు వాసనలను, దగ్గరకు వచ్చిన పిదప ఎఱిగిన గుర్తులను ఆధారము చేసికొని తన గూటికి చేరును. చీటీ దానితో చేరును, అంతే. మన మన్యమునకు పొరుగుననున్న కోరాపుటులో ఒరిస్సా పోలీసులు 1946లో ఇట్టి పావురముల దళమును ఏర్పరచి, రోడ్లును తంత్రులును లేని కొండయూళ్లకు కొన్ని దశాబ్దములపాటు వానిచే వార్తలు నడిపిరి. యుద్ధమున గాయపడియు గూడు చేరిన షెర్ అమీ అను పావురపు దేహమును అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థవారు నేటికిని భద్రపరచియున్నారు. ముఖర్జీ కథకు బలము ఇందుండియే వచ్చినది. అతని పావురము చేయు సాహసమంతయు పావురపు స్వభావములోనిదే.

మాటలే లేకుండ ఈ పని చేసిన గ్రంథమొకటి 1961లో వెలువడినది. కెనడాలో నివసించిన షీలా బర్న్‌ఫర్డ్ రచించిన 'ది ఇన్‌క్రెడిబుల్ జర్నీ' అది. యజమానులు దూరదేశము పోగా స్నేహితునియింట ఉంచబడిన రెండు కుక్కలును ఒక సయామీ పిల్లియు పాత యింటిని వెదకుచు వందల మైళ్ల అడవి దాటుట అందలి కథ. ఒక్క జంతువైనను నోరు విప్పదు. ఏదుపందిని తాకిన కుక్క మూతినిండ ముండ్లు గ్రుచ్చుకొనును. పిల్లి ఏటిలో కొట్టుకొనిపోవును. ముసలికుక్క నడువలేక నడువలేక అందరికంటె వెనుక వచ్చును. అది వచ్చునా రాదా యని చివరి పుటవరకు ఊపిరి బిగబట్టి చదువవలసినదే.

కొన్ని యిండ్లలో ఒక అలవాటు కలదు. పిల్లలు జడిసికొందురని పెద్దలు కథలోని డేగను తీసివేయుదురు, లేక తాబేలును గడ్డివామిమీద పడవేసి బ్రతికింతురు. ప్రేమచేతనే చేయుదురు, తప్పుపట్టలేము. కాని డేగ లేనిచో పావురము ఎగురుట వట్టి వ్యాయామమగును. ఇల్లు చేరకపోవచ్చునను భయమున్నప్పుడే చేరుటలో సంతోషము. రేడియోలో కథ చెప్పువారికి ఇది బాగుగా తెలియును. అచ్చట బొమ్మ లేదు, డేగ రూపము కనబడదు. చెప్పుచున్న గొంతు క్షణకాలము ఆగును, ఆ నిశ్శబ్దములో ప్రతి యింటను ఒక్కొక్క డేగ పుట్టును. నిద్రపోవు వేళ చెప్పుట మంచిది కాదందురా, పగలు చెప్పుడు.

ఇల్లు చేరెనో లేదో చెప్పని కథయు ఒకటి కలదు. ఇ. బి. వైట్ 1945లో ప్రకటించిన 'స్టువర్ట్ లిటిల్' అది. న్యూయార్కులో ఒక గృహస్థునకు రెండవ కుమారుడుగా, అచ్చముగా ఎలుకపిల్లవలె, రెండంగుళములకు కొంచెము మించిన పొడవుతో పుట్టినవాడు స్టువర్ట్. ఆ యింట ఆశ్రయము పొందిన మార్గలో అను పక్షిని చంపుటకు ఒక పిల్లి కుట్ర పన్నగా, దానిని విన్న పావురమొకటి చీటీ వ్రాసి పక్షిని హెచ్చరించెను. పక్షి ఎవరికిని చెప్పక ఉత్తరమునకు ఎగిరిపోయెను. స్టువర్ట్ చిటికెడంత కారునెక్కి దానిని వెదకబోయెను. తెల్లవారుజామున త్రోవ ప్రక్కన టెలిఫోను తంత్రులు బాగుచేయు ఒకనితో మాటలాడి, కారును ఉత్తరముగా పోనిచ్చును. అచ్చట పుస్తకము ముగియును. పక్షి దొరకలేదు, ఇంటికి మరలలేదు. వైట్ 1985లో మరణించెను. అంతవరకు దీనికి రెండవ భాగము వ్రాయలేదు.