తల్లి ఒడి - కారు వేగం

వేగంగా పోతున్న బస్సు హఠాత్తుగా ఆగితే, అందులో నిలుచున్నవారు ముందుకు తూలిపడతారు. ఇది అందరికీ అనుభవమే. బస్సు ఆగినది గాని వారి శరీరాలు ఆగలేదు. అవి అంతకు ముందున్న వేగంతోనే ముందుకు సాగిపోజూచినవి. కదులుతున్న వస్తువును మరొక బలం అడ్డగించేవరకు అది అదే వేగంతో, అదే దిశలో సాగిపోతుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన చలన సూత్రాలలో మొదటిది ఇదే. ఉన్నత పాఠశాలలో ఈ సూత్రం చదవని విద్యార్థి ఉండడు. కాని ఒక రాష్ట్రపు శాసనసభ పసిపిల్లల కోసం చట్టం చేస్తూ ఈ సూత్రాన్నే మరచినదనీ, ఆ తప్పును దిద్దుకొనడానికి నాలుగేండ్లు పట్టినదనీ తెలిసినవారు తక్కువ.

ఒక వైద్యుని పట్టుదల

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో అనే పట్టణం ఉన్నది. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల వైద్యుడు అక్కడి కౌంటీ ఆరోగ్యశాఖకు అధిపతిగా పనిచేసేవాడు. టీకాలతో అంటురోగాలను అరికట్టవచ్చునని ఆనాటికే రుజువైనది. మరి కారు ప్రమాదాలలో చనిపోయే పిల్లల మాటేమిటి? అదికూడా నివారించదగిన వ్యాధివంటిదే అని ఆయన భావించాడు. పిల్లలను తగిన సీటులో కట్టి కూర్చోబెట్టడమే దానికి టీకా.

ఆయన తన రాష్ట్ర శాసనసభ్యులను ఒక్కొక్కరినే కలిసి నచ్చచెప్పాడు. కుటుంబ వ్యవహారాలలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని కొందరన్నారు. పేదవారు సీటు ఎక్కడ కొనగలరని మరికొందరు అడిగారు. తుదకు 1977లో చట్టం ఆమోదం పొందినది. 1978 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. నాలుగేండ్లలోపు పిల్లలను కారులో తీసుకొనిపోయే తల్లిదండ్రులు వారిని పిల్లల సీటులో కూర్చోబెట్టవలెనని దాని సారాంశం. అమెరికా రాష్ట్రాలలో ఇట్టి చట్టం ఇదే మొదటిది.

అయితే చట్టంలో ఒక మినహాయింపు చేరినది. పిల్లను పెద్దవారు చేతులలో పట్టుకొని కూర్చుంటే సీటు అక్కరలేదట! తల్లి ఒడికంటె భద్రమైన చోటు లేదన్నది లోకంలో పాతుకొనిపోయిన విశ్వాసం. ఆ విశ్వాసానికి శాసనసభ తలవంచినది. శాండర్స్ మాత్రం ఈ మినహాయింపు పిల్లల ప్రాణాలు తీస్తుందని వాదిస్తూనే వచ్చాడు. 1981లో దానిని తొలగించారు. 1985 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలలోను పిల్లల సీటు చట్టాలు వచ్చినవి.

చేతుల బలం ఎంత?

శాండర్స్ వాదం ఎంత నిజమో చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. ఒక కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. అది సెకనుకు సుమారు 13.9 మీటర్లు. కారు ఒక గోడను ఢీకొన్నది. దాని ముందుభాగం నలిగి, సుమారు 70 సెంటీమీటర్ల దూరంలో, సెకనులో పదవవంతు కాలంలో కారు ఆగిపోయినది. అనగా వేగం సెకనుకు 139 మీటర్ల చొప్పున తగ్గినది. ఇది భూమ్యాకర్షణ త్వరణానికి 14 రెట్లు.

తల్లి ఒడిలో 10 కిలోల బిడ్డ ఉన్నదనుకొందాము. ఆ బిడ్డను కారుతోపాటు ఆపవలెనంటే 10ని 139తో గుణించగా వచ్చిన 1390 న్యూటన్ల బలం కావలె. అది 140 కిలోల బరువును ఎత్తిపట్టుటతో సమానం. దాదాపు మూడు బియ్యపు బస్తాలు! ఆ బరువు ముందుగా చెప్పకుండా, కన్నుమూసి తెరిచేలోగా చేతులమీద పడుతుంది. ఎంత బలశాలి అయినా ఆ బిడ్డను పట్టి ఉంచలేడు. ఇది ప్రేమకు సంబంధించిన లోపం కాదు, కండరాలకు గల పరిమితి.

తల్లి బెల్టు పెట్టుకొనకపోతే పరిస్థితి మరింత ఘోరం. ఆమె శరీరం కూడా ముందుకు దూకుతుంది. బిడ్డ ఆమెకూ కారు పలకకూ మధ్య నలిగిపోతుంది. కాపాడవలసిన ఒడియే అప్పుడు రోకలి అవుతుంది. ఒకే బెల్టును తల్లికీ బిడ్డకూ కలిపి చుట్టినా ఇదే ప్రమాదం.

50 కిలోమీటర్ల వేగం ఊరి వీథులలో మామూలే గదా అనిపించవచ్చును. పైనుండి పడే వస్తువు ఆ వేగాన్ని అందుకొనవలెనంటే సుమారు 10 మీటర్ల ఎత్తునుండి పడవలె. మూడంతస్తుల మేడపైన పిట్టగోడ లేనిచోట బిడ్డను ఎవరూ వదలరు. కారులో కట్టకుండా కూర్చోబెట్టడం అట్టిదే.

వెనుకకు తిరిగి ఎందుకు కూర్చోవలె?

పసిబిడ్డ చిన్న సైజు పెద్దమనిషి కాదు. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగవ వంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఏడు, ఎనిమిది వంతులలో ఒక వంతే. బిడ్డ వెన్నుపూసలలో చాలా భాగం ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది. మెడ కండరాలు, బంధనాలు బలహీనం. బిడ్డ ముందుకు తిరిగి కూర్చుంటే, ప్రమాదంలో బెల్టు మొండెమును ఆపుతుంది గాని తలను ఆపదు. తల 2 కిలోలున్నదనుకొంటే, పై లెక్క ప్రకారం 28 కిలోల బరువు లాగినట్లు మెడను లాగుతుంది.

బిడ్డను వెనుకకు తిప్పి కూర్చోబెడితే వీపు, మెడ, తల మూడూ ఒకేసారి సీటు వీపుపలకకు ఆనుకుంటాయి. బలం అంతే, కాని అది విశాలమైన వైశాల్యంమీద పంచబడుతుంది. పీడనం తగ్గుతుంది, మెడ సాగదు. స్వీడన్ దేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్‌కు ఈ ఆలోచన వ్యోమగాముల ఆసనాలను చూచి తట్టినది. జెమిని నౌకలో వ్యోమగాములు తీవ్రమైన త్వరణాన్ని వీపుతో తట్టుకొనేవారు. 1964లో ఆయన వెనుకకు తిరిగిన పిల్లల సీటు నమూనాను తయారుచేసి పరీక్షించాడు.

ఇట్టి సీటును ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటులో ఎన్నడూ పెట్టరాదు. గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో విచ్చుకొనే ఆ సంచి బిడ్డ తల వెనుకనున్న పలకనే మోదుతుంది. వెనుక సీటే పిల్లలకు తగిన చోటు.

కొంచెము పెద్ద పిల్లలకు ముందుకు తిరిగిన సీటు, ఆ తరువాత ఎత్తుపీట కావలె. పెద్దవారి బెల్టు గట్టి తుంటి ఎముకమీద, భుజం నడుమ ఆనవలె. పొట్టి పిల్లలలో అది మెత్తని కడుపుమీదికి, మెడమీదికి జారుతుంది. ఎత్తుపీట పిల్లవానిని బెల్టుకు తగినట్లు లేపుతుంది.

అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం కారులో పిల్లల సీటు ఏడాదిలోపు శిశువులలో మరణాపాయాన్ని 71 శాతం, 1 నుండి 4 ఏండ్లవారిలో 54 శాతం తగ్గిస్తుంది.

మన చట్టం

అమెరికాలో ప్రసవించిన తెలుగు తల్లులకు ఈ విషయం మొదటిరోజే తెలుస్తుంది. సీటు లేని కారులో బిడ్డను ఇంటికి పంపడానికి అక్కడి ఆసుపత్రులు సాధారణంగా ఒప్పుకొనవు. మనవడిని చూడబోయిన అమ్మమ్మకు, ఏడ్చే బిడ్డను ఒడిలోనికి తీసుకోనీయరే అని మొదట మనసు నొచ్చుకొంటుంది. పై లెక్క ఆమెకు ఓపికగా చెప్పదగినది.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలైన 194-బి సెక్షను ప్రకారం, 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుతోగాని పిల్లల సీటుతోగాని కట్టకుండా వాహనం నడిపినవారికి, నడపనిచ్చినవారికి 1000 రూపాయల జరిమానా. మన కుటుంబాలలో ఎక్కువమందికి కారుకంటె మోటారు సైకిలే వాహనం. దానిపై నాలుగేండ్లలోపు పిల్లలను తీసుకొనిపోయేటప్పుడు, బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ ఉండవలెననీ, 9 నెలలు దాటిన బిడ్డకు శిరస్త్రాణం ఉండవలెననీ, వేగం 40 కిలోమీటర్లు మించరాదనీ 2023 ఫిబ్రవరి 15 నుండి నియమం అమలులోనికి వచ్చినది. ఈ పట్టీ బిడ్డను జారిపడకుండా కాపాడుతుంది గాని కారులోని సీటు ఇచ్చేటంత రక్షణ ఇవ్వలేదు. కాబట్టి అక్కడ వేగం తగ్గించడమే పెద్ద రక్షణ. ఆగే దూరం అంతే ఉన్నప్పుడు, వేగం సగమైతే బలం నాలుగవ వంతుకు దిగుతుంది.

తరగతిలో ఒక ప్రయోగం

ఒక పలకను పుస్తకాలమీద ఏటవాలుగా ఆనించి, అడుగున ఒక ఇటుక పెట్టండి. బొమ్మ బండిలో మెత్తని బంకమట్టి బొమ్మను కూర్చోబెట్టి పైనుండి వదలండి. బండి ఇటుకవద్ద ఆగుతుంది, బొమ్మ ఎగిరి అవతల పడుతుంది. రెండవసారి బొమ్మను కుట్టు దారంతో కట్టండి. అది నిలుస్తుంది గాని దారం మట్టిలోనికి కోసుకొనిపోతుంది. మూడవసారి వెడల్పాటి రిబ్బనుతో కట్టండి, కోత తగ్గుతుంది. నాలుగవసారి బండిలో గట్టి అట్ట నిలిపి, బొమ్మ వీపును దానికి ఆనించి, ఇటుకకు వీపు వచ్చేటట్లు కూర్చోబెట్టండి. బొమ్మ దాదాపు చెక్కుచెదరదు.

ఈ చట్టం పిల్లవానికి ఆజ్ఞ ఇవ్వదు, పెద్దవారికే ఇస్తుంది. బెల్టు పెట్టుకొనక పోయే తప్పు పెద్దమనిషి తనకే తాను చేసుకొంటాడు. పసివానికి ఆ ఎన్నిక లేదు. వాడు ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాడు. తండ్రి నడిపే వేగమే వాని వేగం, తల్లి చేసే నిర్ణయమే వాని రక్షణ. పోలీసు లేని మలుపులోకూడా న్యూటన్ సూత్రం ఉంటుంది. బిడ్డను ఒడినుండి దించి సీటులో కట్టడం ప్రేమ తగ్గినందుకు కాదు. చేతులకు సాధ్యంకాని పనిని ఆ సీటుకు అప్పగించడమే.