స్త్రీలు - హామ్ రేడియో

చేతియందు సెల్లుఫోను లేని యిల్లాలు నేడు పల్లెలలో సైతము అరుదు. ఇట్టి కాలమున దూరస్థులతో మాటలాడుటకు వేఱొక యంత్రమేల యని మా సోదరీమణులు అడుగవచ్చును. దీనికి మేము చెప్పదగిన సమాధానము 2004 వ సంవత్సరమున అండమాను దీవులయందు జరిగిన వృత్తాంతమే.

హైదరాబాదునందలి జాతీయ హామ్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీప్రసాదుగారు ఆ యేటి డిసెంబరులో కొందఱు తోడివారితో పోర్టుబ్లెయిరునకు పోయిరి. 1987 తరువాత ఆ దీవులనుండి హాములు మాటలాడుటకు ప్రభుత్వమువారు అనుమతించుట అదియే మొదలు. అండమాను పిలుపు వినవలెనని దేశదేశముల హాములు ఏండ్ల తరబడి వేచియుండిరి. అట్టి వేడుకకై పోయినవారికి 26 వ తేది యుదయమున వేఱు పని తటస్థించెను. భూమి కంపించెను, పిమ్మట సముద్రము ఊళ్లమీదికి వచ్చెను. విద్యుచ్ఛక్తి నిలిచిపోయెను, టెలిఫోనులు మూగవోయెను. భారతీప్రసాదుగారు తమ యంత్రమును మరల నిలిపి ప్రధానభూభాగమందలి హాములతో మాట కలిపిరి. దీవులలోనివారి క్షేమము తెలియక ఇక్కడ అల్లాడుచున్న తల్లులకు, భార్యలకు, బిడ్డలకు "మీవారు జీవించియున్నారు" అను కబురు అట్లు చేరినది. ఆ బృందమువారు కారునికోబారు దీవికిని పోయి అచ్చటి వార్తలను గూడ పంపిరి. వినోదముగా నేర్చిన విద్య విపత్తునందు ఎట్లు అక్కఱకు వచ్చునో తెలిసికొనుటకు ఇంతకు మించిన నిదర్శనము మాకు కనబడదు.

ఇందలి కిటుకు సులభమైనది. సెల్లుఫోను పలుకవలెనన్నచో నడుమ గోపురములు నిలువవలెను, వానికి విద్యుత్తు అందవలెను. 2014 అక్టోబరు 12 వ తేదిని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు ఆ రెండును చెడినందున నగరమంతయు మూగవోయినది. హామ్ రేడియోకు ఈ కొసను ఒక యంత్రము, ఆ కొసను ఒక యంత్రము, రెండింటికిని బ్యాటరీ ఉన్న చాలును.

ఇక ప్రారంభము మాట. పలువురు ముందు యంత్రము కొని, అనుమతి సంగతి పిమ్మట చూచుకొందమని తలంతురు. ఇది ఎంతమాత్రము కూడదు. అంగళ్లలోను, ఇంటర్నెట్టునందును చవుకగా దొరకు వాకీటాకీలలో అనేకములు పోలీసులు మొదలగువారి తరంగములమీద సైతము పలుకగలవు. లైసెన్సు లేక అట్టివానిని వాడుట నేరము. 2018 నాటి నిబంధనలను బట్టి 446.0 మొదలు 446.2 మెగాహెర్ట్జుల నడుమ మాత్రమే పనిచేయు తక్కువ శక్తిగల వాకీటాకీలకు లైసెన్సు అక్కఱలేదు. తోటలోనున్న పెనిమిటిని భోజనమునకు పిలుచుటకు అవి చాలును గాని, పొరుగు జిల్లాతో మాటలాడుటకు చాలవు. అంతదూరము పోగోరువారు పరీక్ష నిచ్చి హాములు కావలసినదే.

పరీక్ష యనగానే జంకవలదు. ఇది కేంద్రప్రభుత్వపు టెలికాం శాఖవారిది. 12 ఏండ్లు నిండిన భారతపౌరులెవరైనను దీనికి కూర్చుండవచ్చును. తల్లియు కుమార్తెయు ఒక్కమాఱే పోయినను అడ్డు చెప్పువారు లేరు. దరఖాస్తు ఇంటర్నెట్టులో 'సరళ్ సంచార్' అను ప్రభుత్వపు కిటికీ ద్వారా పంపుకొనవలెను. ఇందు రెండు తరగతులు కలవు. రెస్ట్రిక్టెడ్ అను మొదటిదానికి విద్యుత్తు, రేడియోలను గుఱించిన మూలసూత్రములును, హాములు పాటింపవలసిన నిబంధనలును తెలిసిన చాలును. పదవతరగతి భౌతికశాస్త్రపు పుస్తకమును మరల తెఱచినవారికి సగము పని అయినట్లే. జనరల్ అను రెండవదానికి మోర్సు సంకేతములను గూడ నిమిషమునకు 8 మాటల వేగముతో పంపుటయు, వినుటయు నేర్వవలెను. అల్లికపనిలో మాటలాడుచునే గళ్లు లెక్కించు చేతులకు ఇది భారమని మాకు తోచదు.

ఉత్తీర్ణులైన పిమ్మట లైసెన్సునకు వేఱుగా అర్జీ పెట్టుకొనవలెను. అది చేతికి వచ్చుటకు కొంత యోపిక కావలెను. లైసెన్సుతో ఒక పిలుపుగుర్తు లభించును. మన దేశపు గుర్తులు సాధారణముగా వీ.యూ. అను అక్షరములతో మొదలై, జనరల్ వారికి 2 అనియు, రెస్ట్రిక్టెడ్ వారికి 3 అనియు అంకెను పొందును. ఆ గుర్తు లోకమున మఱియొకరి కుండదు. ఫలానావారి భార్య యనియో, ఫలానావారి తల్లి యనియో పిలువబడుటకు అలవాటుపడిన స్త్రీకి తనదే యైన పేరొకటి ప్రభుత్వమువారి ముద్రతో లభించుట అల్పవిషయము గాదు.

లైసెన్సు వచ్చులోపల ఊరకుండ నక్కఱలేదు. వినుట నేర్వవలెను. నెదర్లాండ్సునందలి ట్వెంటె విశ్వవిద్యాలయమున నెలకొల్పిన రేడియోను ఇంటర్నెట్టు ద్వారా ఎవరైనను ఇంటనుండి త్రిప్పి వినవచ్చును. హాము లొకరినొకరు ఎట్లు పిలుచుకొందురో, ఎక్కడ ఆగుదురో, ఎట్లు సెలవు తీసికొందురో చెవికి పట్టుబడిన పిమ్మట, మైకు ముందు నోరు తడబడదు.

యంత్రముల విషయమున ఆడంబరము వలదు. చేతిలో నిముడు 5 వాట్ల వీ.హెచ్.ఎఫ్. యంత్రము చవుక, అయినను దాని తరంగములు ఇంచుమించు చూపుమేర మాత్రమే పోవును, కొండపైనో మేడపైనో రిపీటరున్న నగరములలో అది ఊరంతయు వినబడును. వందలమైళ్లు పోవుటకు హెచ్.ఎఫ్. యంత్రము కావలెను. ఈ సందర్భమున హైదరాబాదు హామ్ శ్రీ అష్హర్ ఫర్హానుగారిని స్మరింపక తప్పదు. ఇంటియొద్దనే సామాన్యమైన సామగ్రితో కట్టుకొనదగిన 'బిట్ఎక్స్' యంత్రమును 2003 లో వారు రూపొందించి, దాని వివరములను అందఱకును ఉచితముగా నొసగిరి. 2016 లో వచ్చిన 'బిట్ఎక్స్40' పలకలలోని సన్నని తీగచుట్లు హైదరాబాదు మహిళాబృందమువారు చేతితో చుట్టినవే. దేశదేశముల మగవారు గర్వముగా చూపుకొను యంత్రముల కడుపులో మన తెనుగుగడ్డమీది ఆడువారి చేతిపని కలదన్నమాట.

తీగకు గూడ పెద్ద వెచ్చము లేదు. 7.1 మెగాహెర్ట్జులమీద మాటలాడుటకు సుమారు 20 మీటర్ల రాగితీగను నడుమకు త్రుంచి, ఆ నడిమిచోట కేబులు తగిలించి, రెండు కొసలను డాబాపై బట్టలదండెమువలె ఎత్తుగా కట్టిన చాలును. తీగ కరెంటుతీగల దాపునకు పోరాదు. ఇందు ఏమఱుపాటు ప్రాణాంతకము. ఉరుము వినబడుటకు ముందే, మబ్బు పట్టగానే కేబులును యంత్రమునుండి విడదీయవలెను.

మాటలాడుటయందును కట్టుబాట్లు కలవు. వ్యాపారపు మాటలు, రాజకీయములు, పాటలు ప్రసారము చేయుట, రహస్యసంకేతములు నిషిద్ధములు. మనము పలికినది ఎవరైనను వినవచ్చును గనుక ఇంటి గుట్టుమాటలు అచ్చట వలదు. మాటలాడిన ప్రతిసారియు తేది, వేళ, తరంగము, ఎదుటివారి గుర్తు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. పద్దుపుస్తకము తప్పక వ్రాయు గృహిణికి ఇది క్రొత్త గాదు.

హాములలో స్త్రీని, ఆమె యెనుబదియేండ్ల ముత్తవ్వ యైనను, 'యంగ్ లేడీ' అనియే వ్యవహరింతురు. వయసు చెప్ప నిష్టపడనివారికి ఇది హాయి. సెలవు తీసికొనునపుడు అందఱును 73 అను అంకెతో శుభము పలుకుదురు. స్త్రీలు తమలో తాము పలుకుకొనుటకు మాత్రము 33 అను వేఱు అంకె కలదు. స్నేహముతో ముద్రవేసిన ప్రేమ యని దాని భావము.